జాలీ అల్మారాలో మా ఆయన

మా మేనత్త తన పాత అల్మారాను నాకు ఇచ్చింది కానీ దాన్ని వదిలిపెట్టలేదు. దాని బాగోగులు చూసుకోవడానికి ఆ వేసవంతా శామీర్‌పేట నుంచి మేడ్చల్‌లోని మా ఇంటికి వస్తూనే ఉంది.

శామీర్‌పేటలో పాత ఇల్లు తీసేసి, అదే జాగాలో ఆమె కొడుకులు కొత్త బిల్డింగు కట్టారు. కొత్త వంటింట్లో గోడ పొడవునా అరలున్నాయి. తలుపు తోసి వదిలేస్తే చప్పుడు చేయకుండా తనే మూసుకుంటుంది. ఆ అరల పక్కన నిలబెడితే అల్మారా పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలా కనిపించిందట. పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని కోడలు అన్న రోజే మేనత్త నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, నీకు అల్మార పంపుతున్న. వద్దనకు," అంది.

వద్దనే ఉద్దేశం నాకు లేదు. చిన్నప్పుడు సెలవులకు ఆ ఇంటికి వెళ్తే నేను ముందు చూసేది ఆ అల్మారానే. టేకు చెక్కతో చేసిన నిలువు అల్మారా అది. మనిషి కన్నా కొంచెం ఎత్తు. రెండు తలుపులకూ మధ్యలో చెక్క బదులు ఇనుప జాలీ. పాలు, పెరుగు, వండిన కూరలు గాలి తగిలేలా అందులో పెట్టేవాళ్లు. చీమలెక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉండేవి. మా తాత వడ్రంగం చేసే వడ్లాయనను దగ్గర కూర్చోబెట్టుకుని దానికి ప్రత్యేకంగా ఒక గొళ్లెం పెట్టించాడు. తలుపు నెడితే చాలు, ఆ గొళ్లెం దానంతటదే జారి కొక్కెంలో పడుతుంది. పాలు తీసుకుని తలుపు వేయడం మరిచిపోయేవాళ్లు ఆ ఇంట్లో చాలామంది. ఆ మరుపు కోసం కాచుకుని కూర్చునే పిల్లులూ చాలానే.

ట్రాలీ ఆటోలో వచ్చిన అల్మారా మా ఇంటి గుమ్మంలో పట్టలేదు. నిలబెట్టి చూశాం, పడుకోబెట్టి చూశాం, పక్కకు తిప్పి చూశాం. ఆటో డ్రైవర్ తల గోక్కుని, "సార్, ఇది ఇంటికంటె ముందు పుట్టింది," అని చెప్పి వెళ్లిపోయాడు. చేసేది లేక వాకిట్లో, రేకుల కింద నిలబెట్టాం. అక్కడ దాని తలుపు తెరిస్తే గేటుకు పోయే దారి మూసుకుపోతుంది. బయటికి వెళ్లాలంటే ముందు అల్మారా తలుపు నెట్టి వెళ్లాలి.

మా ఆయన సూరారం దగ్గర ఒక బడిలో డ్రాయింగ్ మాస్టారు. ఎండాకాలం సెలవుల్లో ఇంట్లోనే ఉంటాడు. అల్మారా చుట్టూ చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. పెచ్చులు లేచిన పచ్చ రంగును గోటితో గీరాడు. దాని కింద బయటపడిన చెక్కను చూసి ముఖం అదోలా పెట్టాడు. ఆ ముఖం నాకు తెలుసు. పిల్లలు ఆవు బొమ్మ వేసి కొమ్ములు మరిచిపోయినప్పుడు పెట్టే ముఖం అది.

"గింత మంచి టేకు మీద పెయింట్ ఏసుడు పాపం," అన్నాడు. "మొత్తం గీకేసి వుడ్ స్టెయిన్ ఏద్దాం. చెక్కల గీతలు కనవడాలె. వాల్‌నట్ కలర్."

ఫోన్‌లో వీడియోలు చూపించాడు. వాటిలో గడ్డం పెంచుకున్న మనిషి ఒకాయన మెత్తటి గుడ్డను రంగులో ముంచి చెక్క మీద ఒక్కసారి తుడుస్తాడు. చెక్క తళతళలాడుతుంది. నేపథ్యంలో వీణ లాంటిదేదో మోగుతుంది. మా వాకిట్లో అలాంటి సంగీతం వినబడే అవకాశం లేకపోయినా నేను సరేనన్నాను.

మర్నాడు మేనత్త వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె మెల్లగా మాట్లాడుతున్నాననుకున్నప్పుడు కూడా వీధి చివర వినిపిస్తుంది. మా ఆయనకు ఆమె పెద్దమ్మ వరస. ఆయన్ని కొడుకా అని పిలుస్తుంది. వాల్‌నట్ రంగు అంటే ఏమిటని అడిగింది.

"అక్రోట్ ఉంటది గద పెద్దమ్మా, దాని పెంకు రంగు," అని మా ఆయన చెప్పాడు.

"అక్రోట్ తింటరు గని అల్మారకు పూస్తరా? అల్మార అంటె పచ్చగుండాలె. నేను పుట్టినప్పటి సంది పచ్చనే."

అది నిజం కాదని గీకడం మొదలుపెట్టగానే తెలిసింది. పచ్చ కింద నీలం వచ్చింది. నీలం కింద మండే ఎరుపు వచ్చింది. మా ఆయన విజయగర్వంతో మేనత్త వైపు చూశాడు. ఆమె ఏమాత్రం తొణకలేదు.

"గది ఎడ్ల కొమ్ములకు తెచ్చిన రంగు. మిగిలితె ఎండిపోతదని నాయిన దీనికి ఏసిండు. ఎడ్లు గుర్తుపట్టి దీని దిక్కే సూసేటియి. గందుకే మల్ల నీలం ఏసిర్రు. నీలం ఎవ్వలకు నచ్చలే. పచ్చ నచ్చింది. ఇగ గంతే."

రంగును మెత్తబరిచే ద్రావకం పూసిన రోజు వీధంతా ఘాటు వాసన. ఎదురింటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చి, "జవహర్‌నగర్ చెత్త డంపు గాలి గింత దూరం కొడుతాందా?" అని అడిగింది. అల్మారా అని చెప్పాక లోపలికి వచ్చి చూసి, ఆమె కూడా ఒక రంగు సలహా ఇచ్చింది. గులాబీ. ఆ తర్వాత పాలు పోసే ఆయన, గ్యాస్ బండ తెచ్చే ఆయన, దారిన పోయేవాళ్లు ఎవరి రంగు వాళ్లు చెప్పారు. వాల్‌నట్ అన్నవాళ్లు ఒక్కరూ లేరు. మా ఆయన అందరికీ తల ఊపి, సాండ్ పేపర్‌తో ఇంకా గట్టిగా రుద్దేవాడు. మేనత్త కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని, దాని ఒళ్లు మండుతుందేమో అన్నట్టు, "మెల్లగ, మెల్లగ," అనేది.

నేను తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. పొద్దున్నే కంపెనీ క్యాబ్ వస్తుంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి వాకిట్లో ఇద్దరూ మాట్లాడుకోకుండా కూర్చుని ఉండేవారు. ఆయన రంగు ఆయనదే, ఆమె రంగు ఆమెదే. టీ మాత్రం కలిసే తాగేవారు. టీ ఆయనే పెట్టేవాడు.

చివరికి చెక్క బయటపడింది. మా ఆయన తుప్పు పట్టిన జాలీలు తీసేసి సన్న కన్నుల కొత్త జాలీ కొట్టాడు. మేకులు ఒక్కటి కూడా వంకర పోకుండా కొట్టినందుకు తనను తానే మెచ్చుకున్నాడు. ఇక స్టెయిన్ వేయాలి. నీళ్లలో కలిసే రకం, వాసన లేనిది తెచ్చాడు. ముందు లోపలి వెనక చెక్కతో మొదలుపెడతానన్నాడు. తప్పు జరిగినా లోపల కాబట్టి కనబడదని ఆలోచన. ఊడిరాని పై అర ఒక్కటి ఉంచి, మిగిలిన అరలు ఊడదీసి పక్కన పెట్టి, మర్నాడు పొద్దున్నే గుడ్డా డబ్బా పట్టుకుని అల్మారాలోకి దూరాడు. మనిషి సన్నగా ఉంటాడు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని సరిగ్గా సరిపోయాడు.

వెనక చెక్క తుడవడం అయిపోతుండగా క్యాబ్ హారన్ కొట్టింది. నేను టిఫిన్ డబ్బా తీసుకుని హడావుడిగా బయటికి వచ్చాను. తర్వాత ఏం జరిగిందన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. ఆ పొద్దున గాలి బాగా వీచిందని, ఆ గాలికే తలుపు పడిందని నేనంటాను. దారికి అడ్డంగా ఉందని నేనే తలుపు నెట్టి, వెనక్కి చూడకుండా పోయానని ఆయనంటాడు. గేటు వేసి క్యాబ్ ఎక్కాను. క్యాబ్ మేడ్చల్ దాటి శామీర్‌పేట దారి పట్టాక ఫోన్ మోగింది.

"యాడున్నవ్?" అన్నాడు మా ఆయన. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"క్యాబ్‌ల. నువ్వు?"

"అల్మారల."

"అల్మారల ఏమున్నది?"

"నేనున్న. గొళ్లెం పడ్డది."

నా పక్కన కూర్చునేది మా ల్యాబులోనే పనిచేసే ఒకామె. ఎప్పుడూ నవ్వని మనిషి. ఆమె నా వైపు తిరిగి, ఏమైందని కళ్లతోనే అడిగింది. చెప్పాను. కాసేపు ఆలోచించి, "గాలి వస్తాందా?" అని అడిగింది. జాలీ ఉందన్నాను. ఊపిరికి ఇబ్బంది లేదని తెలిశాక కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"జాలీ చింపుకోని చెయ్యి బయటికి పెట్టి గొళ్లెం తియ్యి," అన్నాను ఫోన్‌లో.

"నిన్ననే కొట్టిన జాలీ అది. చింప."

"తలుపును కాలుతోని తన్ను."

"తంతే అల్మార ముందటికి పడ్తది. అప్పుడు తలుపు కిందికైతది. నేను జన్మంత ఇందులనే."

"ఎదురింటావిడను పిలువు."

"వద్దు. ఆమె పిలిస్తె కాలనీ మొత్తం వస్తది. నాకు పరువున్నది."

ఇక మిగిలింది మేనత్తే. ఆమె పేరెత్తాను. "ఆమె తప్ప ఇంకెవరన్న," అన్నాడు వెంటనే. ఇంకెవరూ లేరు. నేను ఆయన్ని లైనులో ఉండమని మేనత్తను కూడా అదే కాల్‌లో కలిపాను. ఆమె అప్పటికే మా ఇంటికి బయలుదేరి షేర్ ఆటోలో కూర్చుని ఉంది. విషయం విని, "అయ్యో కొడుకా, వస్తున్న, జల్ది వస్తున్న," అంది. నిజంగానే బాధపడింది. కాసేపటికి ఎదురుగా వస్తున్న షేర్ ఆటోలో ఆమె నీలం చీర కనిపించింది. నేను చేయి ఊపాను. ఆమె చూడలేదు. ఆటోలో ఉన్నవాళ్లందరికీ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో ఊహించడం కష్టం కాదు.

ఇంటికి చేరేసరికి ఆమె బాధ తగ్గినట్టుంది. ఫోన్‌లో మా గేటు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత కుర్చీ ఈడ్చిన చప్పుడు. గొళ్లెం తీసిన చప్పుడు మాత్రం రాలేదు.

"కొడుకా, మంచిగున్నవా?"

"ఉన్న పెద్దమ్మా. గొళ్లెం తియ్యి."

"తీస్త. ఎండల వచ్చిన, జర దమ్ము తీసుకోనియ్యి. ఇందుల నువ్వు మస్తు కనవడుతున్నవ్. బస్టాండుల టికెట్లిచ్చెటాయన లెక్క."

"పెద్దమ్మా."

"తీస్తనంటున్న గద. ఒక ముచ్చట అడుగుత. పచ్చ రంగు ఏస్తవా?"

మా ఆయన ఊపిరి పీల్చిన చప్పుడు క్యాబ్‌లో అందరికీ వినబడింది. ఎందుకంటే అప్పటికి డ్రైవర్ కోరిక మీద నేను స్పీకర్ పెట్టాను. వెనక సీటువాళ్లు ముందుకు వంగారు.

"ఇది జబర్దస్తీ," అన్నాడు మా ఆయన.

"జబర్దస్తీ ఏడిది? అడుగుతున్న అంతే. నువ్వు ఆలోచించుకో. నాకు తొందర లేదు. సద్ది తెచ్చుకున్న."

"టేకు మీద పెయింట్ ఏస్తె చెక్క కనవడది పెద్దమ్మా."

"చెక్క అని నాకు ఎర్కే. సూసుడెందుకు?"

డ్రైవర్ అద్దంలోంచి నా వైపు చూసి, "మేడం, లోపట పచ్చ, బయట సార్ రంగు ఏసుకోమనుండ్రి," అన్నాడు. నేను ఆ మాట ఫోన్‌లో చేరవేశాను. లోపల పచ్చ వేస్తే పెరుగు గిన్నెలు తప్ప ఇంకెవరు చూస్తారని మేనత్త కొట్టిపారేసింది. ఒక తలుపు పచ్చ, ఒక తలుపు వాల్‌నట్ అన్నారు వెనక సీటువాళ్లు. దానికి ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ఆ అల్మారా విషయంలో వాళ్లిద్దరూ ఒకే మాట అనడం అదే మొదలు.

క్యాబ్ తుర్కపల్లి చేరుతోంది. మా కంపెనీలో లోపలికి వెళ్లే ముందు ఫోన్లు లాకర్లో పెట్టేయాలి. ఆ తర్వాత సాయంత్రందాకా వాళ్ల మధ్య మాట కలిపేవాళ్లు ఉండరు. ఆయన మోకాళ్లు మడుచుకుని, ఆమె సద్ది తింటూ, ఆ వాకిట్లో ఎంతసేపైనా ఉండిపోగలరు. ఇద్దరి సంగతీ నాకు తెలుసు.

అప్పుడు నా పక్కనామె, ఎప్పుడూ నవ్వని ఆమె, ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. ల్యాబులో పొరపాటు జరిగినప్పుడు మాట్లాడే గొంతుతో, "అమ్మా, వినుండ్రి. రెండు తలుపులు పచ్చ. మిగిలిన అల్మార మొత్తం చెక్క రంగు. ఇద్దరికీ మంజూరేనా?" అంది.

అటు సద్ది డబ్బాకు మూత పెట్టిన చప్పుడు వచ్చింది.

"ఏ పచ్చనో నేనే చెప్త," అంది మేనత్త.

"మీరే చెప్పుండ్రి."

"నువ్వేమంటవ్ కొడుకా?"

"కాళ్లు తిమ్మిరెక్కినయ్ పెద్దమ్మా. ఏ పచ్చ అయితె ఏంది," అన్నాడు మా ఆయన.

గొళ్లెం లేచిన చప్పుడు వచ్చింది. క్యాబ్‌లో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఫోన్ లాకర్లో పెట్టి లోపలికి వెళ్లిపోయాను. ఆ రోజు ల్యాబులో అందరూ నన్ను అల్మారా గురించే అడిగారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయన నాకు ఒక పక్కే చూపిస్తూ మాట్లాడుతున్నాడు. నేను ఇటు తిరిగితే ఆయన అటు తిరుగుతున్నాడు. వంటింట్లో మూలకు చేర్చి చూశాను. అల్మారాలో కూర్చున్నంతసేపూ ఆయన కొత్తగా స్టెయిన్ పూసిన వెనక చెక్కకు చెంప ఆనించి కూర్చున్నాడు. చెంప, చెవి, మెడ సగందాకా చక్కటి వాల్‌నట్ రంగు. సరిగ్గా ఆయన కోరుకున్నట్టే అంతటా సమంగా పట్టింది. సబ్బు, కొబ్బరి నూనె, నిమ్మకాయ, శెనగపిండి అన్నీ అయ్యాయి. మెరుపు పెరిగింది తప్ప రంగు తగ్గలేదు.

ఆ వారంలోనే మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాలులో మా చుట్టాల పెళ్లి. ఆయన రానన్నాడు. రాకపోతే పెండ్లివాళ్లు ఏమనుకుంటారని మేనత్త పట్టుబట్టి తీసుకెళ్లింది. అంతటితో ఆగకుండా భోజనాల దగ్గర ఆయన పక్కనే కూర్చుంది. మా దూరపు మామ ఒకాయన మటన్ కలుపుకుంటూ ఆగి, "అల్లుడూ, మొఖానికేమైంది, కాలిందా?" అని అడిగాడు.

"కాల్లే. అక్రోట్," అని మేనత్తే జవాబు చెప్పింది.

మామకు అర్థం కాలేదు. అక్రోట్ తింటే ఇలా అవుతుందనుకున్నట్టున్నాడు. చివర్లో వచ్చిన స్వీటులో డ్రైఫ్రూట్లు ఉన్నాయా అని వడ్డించేవాణ్ని అడిగి, ఉన్నాయంటే వద్దన్నాడు. మిగిలిన చుట్టాలకు మేనత్త అసలు కథ చెప్పింది. మొదటి పంక్తిలో చెప్పినప్పుడు మా ఆయన లోపల కాసేపే ఉన్నాడు. చేతులు కడుక్కునే దగ్గర చెప్పేసరికి మధ్యాహ్నందాకా ఉన్నాడు. కార్ల దగ్గర చెప్పేసరికి ఆమె గొళ్లెం తీయడానికి వడ్లాయనను పిలిపించాల్సి వచ్చింది. పచ్చ రంగు బేరం మాత్రం ఎక్కడా చెప్పలేదు.

రంగు కొనడానికి ముగ్గురం కలిసి వెళ్లాం. దుకాణంలో షేడ్ కార్డు ముందు పెడితే మేనత్త పచ్చ రంగులన్నిటి మీదా వేలు పెట్టుకుంటూ పోయింది. "ఇది చిలక. ఇది పెసరపప్పు. ఇది దవాఖాన గోడ. ఇది ఆర్టీసీ బస్సు." ఏదీ అల్మారా కాదు. చివరికి కొంగు ముడి విప్పి, మేము గీకినప్పుడు రాలిన పాత పెచ్చు ఒకటి తీసి గల్లా మీద పెట్టింది. అది ఆమె ఎప్పుడు ఏరుకుందో మాకు తెలియదు. దుకాణంవాడు దాన్ని చూసి చూసి, మిషన్‌లో మూడుసార్లు కలిపి తెచ్చాడు. ఆమె మూత తీసి చూసి, పెచ్చును మళ్లీ కొంగున ముడేసుకుంది. డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఒప్పందం ప్రకారం నిలువు చెక్కలు, పక్కలు, కాళ్లు మా ఆయన చేశాడు. గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ తుడిచాడు. చెక్కలోని గీతలు నిజంగానే లేచి కనబడ్డాయి. వీడియోలో గడ్డం మనిషి చేసినట్టు ఒక్క తుడుపులో రాలేదు కానీ వచ్చింది. తలుపుల చట్రాలకు పచ్చ మొదలుపెట్టగానే మేనత్త చేయి చాపి బ్రష్ అడిగింది. చీర నడుముకు దోపుకుని ఒక తలుపు మొత్తం తనే వేసింది. రంగు ధారలుగా కిందికి జారింది. జారినచోట గడ్డలు కట్టింది. కొత్త జాలీ కన్నులు కొన్ని పూడుకుపోయాయి. డ్రాయింగ్ మాస్టారు పక్కన నిలబడి చూస్తున్నాడు. పెదవి కదిలింది. నేను ఆయన కాలు తొక్కాను.

"ఎట్లున్నది?" అని ఆమె అడిగింది.

"చేయి తిరిగినట్టున్నది పెద్దమ్మా," అన్నాడు.

ఆరాక ఇద్దరం దూరంగా నిలబడి చూశాం. గోధుమ రంగు చట్రంలో ఆ పచ్చ ఎంత బాగుందంటే, అదే ముందు నుంచీ అనుకున్న పథకమేమో అనిపించింది. మా ఆయన ఫోటో తీసి బడి గ్రూపులో పెట్టాడు. ఈ ఆలోచన ఎలా వచ్చింది సార్ అని ఎవరో అడిగితే, లోపల కూర్చుని ఆలోచించానని రాశాడు. వాళ్లు దాన్ని గొప్ప మాటగా తీసుకుని దండాలు పెట్టారు.

ఇక ఇంట్లోకి చేర్చాలి. మా ఇంటి తలుపు రెక్కలు ఊడదీయించి, వీధిలో ఉన్న మగవాళ్లను పిలిచి, కాళ్లు ముందుగా వంచి, గుమ్మాన్ని రాసుకుంటూ లోపలికి లాగించాం. ఎదురింటావిడ వెనక నుంచి, "కుడి, కుడి," అంటుంటే, మేనత్త ముందు నుంచి, "ఎడమ, ఎడమ," అంది. మోసేవాళ్లు ఇద్దరి మాటా వినలేదు కాబట్టి అల్మారా లోపలికి వచ్చింది. వంటింటి పక్క గోడకు ఆనించి నిలబెట్టాం. మేనత్త అరలు సర్దింది. పైన పెరుగు, నడుమ కూరలు, కింద ఉల్లిగడ్డలు. ఫ్రిజ్ ఉంది కదత్తమ్మా అంటే వినలేదు.

అందరికీ చాయ్ ఇచ్చి పంపాక, ముగ్గురం దాని ముందే చాప వేసుకుని అన్నం తిన్నాం. ఆమె తెచ్చిన పచ్చిపులుసు, నేను వేయించిన బెండకాయ. మా ఆయన చెవి వెనక ఇంకా కొంచెం గోధుమ రంగు మిగిలే ఉంది. తిన్నాక మేనత్త ఆ చాప మీదే, ఫ్యాన్ కింద, అల్మారా వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం చల్లబడ్డాక లేచి ముఖం కడుక్కుని, శామీర్‌పేట ఆటో ఎక్కి వెళ్లిపోయింది.